ఎడమ అంచుకే జిగురు

పదకొండు గంటల లోపల చేయవలసిన పనులను ఆమె నిన్న సాయంత్రమే ఒక చిన్న కాగితం మీద రాసుకుంది. నీళ్ళ మోటారు ఆపడం. అమ్మకి పరగడుపున మాత్ర. నాన్న కళ్ళజోడు బాగుచెయ్యడానికి ఇవ్వడం. పట్టిక పన్నెండు కాపీలు, పిన్ను ఎడమ మూలకి. నది అవతలి దేశపు రాజ్యాంగ సంపుటిని తిరిగి బీరువాలో పెట్టడం. డైరెక్టరు గారు రాగానే కాపీలు చేతికివ్వడం. తన ఉద్యోగం ఖాయం చేసే ఫైలు గురించి ఆయన్ని అడగకూడదు, అడగకుండానే గుర్తొచ్చేలా ఎదురుగా నిలబడాలి. ఇది కూడా పనే కాబట్టి ఇదీ రాసుకుంది.

ఇప్పుడు పది గంటల ఐదు నిమిషాలు. డైరెక్టరు గారి గది బయట చెక్క బెంచీ, ఒళ్ళో అట్ట ఫైలు, ఫైల్లో పన్నెండు కాపీలు. చివరి రెండూ తప్ప అన్నిటికీ టిక్కు పడింది. కాగితంలో లేని పని ఒకటి పావుగంట క్రితం వచ్చిపడింది. దాన్ని ఏ మాటల్లో రాసుకోవాలో తెలియక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. చెమటకి అది మెత్తబడిపోయింది.

పావుగంట క్రితం ఆమె తన బల్ల సర్దుకుంటోంది. శాసనసభ గ్రంథాలయంలో పరిశోధన విభాగం అంటే వినడానికి పెద్దగా ఉంటుంది గానీ, ఉన్నవి నాలుగు బల్లలు, మూడు కుర్చీలు, నెత్తిన గరగరలాడే ఒక ఫ్యాను. నది అవతలి దేశపు సంపుటి మూడు రోజులుగా ఆ బల్ల మీదే తెరిచి ఉంది, గాలికి పేజీలు ఎగరకుండా పైన గాజు బరువు. బీరువాలో పెట్టేద్దామని బరువు ఎత్తింది. ఎత్తగానే, అంతసేపూ వెనక్కి మడిచి ఉన్న ఒక చీటీ కనురెప్ప వాలినట్టు మెల్లగా వాలి, పేజీ మీద తన చోటున కూర్చుంది. చీటీ మీద పదిహేను రోజులు అని ఉంది. చీటీ కింద, ఆమె మూడు రోజుల క్రితం చూసి పట్టికలోకి ఎక్కించిన చోట, తొంభై రోజులు అని ఉంది. మనిషిని న్యాయమూర్తి ముందు నిలబెట్టకుండా ఎన్నాళ్ళు లోపల ఉంచవచ్చు అన్నది పట్టికలో మూడో వరుస. మన దేశం ముప్పై. కొండల దేశం ఇరవై ఒకటి. నది అవతలి దేశం తొంభై. అది ఆరేళ్ళ క్రితమే వాళ్ళు మార్చుకున్న అంకె, మార్చినట్టు చీటీ కూడా అతికించి ఉన్న అంకె. ఆమె పాతదాన్ని చూసి రాసింది. పదకొండింటికి ఆ పక్క గదిలో పన్నెండు మంది సభ్యుల కమిటీ కూర్చుని, మన ముప్పైని తొంభై చేయవచ్చా అని ఆలోచిస్తుంది. చేయవచ్చు అనడానికి వాళ్ళ చేతిలో ఉండబోయే ఒకే ఒక్క ఆధారం ఈ పట్టికలో ఒక గడి. పట్టిక అడుగున, కుడిపక్క, తయారుచేసినవారు అన్న చోట ఆమె పొట్టి సంతకం.

నడవా చివర లిఫ్టు ఆగిన చప్పుడు. ఆమె వీపు నిటారుగా అయింది. కాదు, డైరెక్టరు గారు కాదు, ఫైళ్ళ బండి. బండి చక్రం ఒకటి వంకర, కీచు, కీచు, ఆగి, కీచు. ఈ చప్పుడు బైండింగ్ గది ముందు ఎప్పుడూ ఆగేది. ఆగితే లోపల్నుంచి జిగురు బాబాయి "అమ్మాయ్, సరుకొచ్చింది రా" అని కేకేసేవాడు. సరుకంటే పక్క దేశాల గెజిట్లు. ఏ దేశం ఏ నిబంధన మార్చినా ఆ మార్పు ఒక చిన్న చీటీగా ఈ గదికి వస్తుంది, జిగురు బాబాయి దాన్ని ఆ దేశపు సంపుటిలో ఆ నిబంధన మీద అతికిస్తాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. మైదాలో వేడినీళ్ళు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. చీటీకి ఎడమ అంచున మాత్రమే సన్నగా జిగురు రాసి, బొటనవేలితో నొక్కి, పెదాలు కదుపుతూ ముప్పై లెక్కపెట్టేవాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె చీటీ మొత్తానికీ జిగురు పూసేస్తే చేతిలోంచి కుంచె లాక్కున్నాడు. "ఏందమ్మాయ్, గోడకి సున్నం కొడుతున్నావా? పాతదాన్ని పాతిపెట్టకూడదు. కప్పాలంతే. ఎత్తి చూస్తే కిందేముందో కనపడాల. నిన్న వీళ్ళు ఎట్టా ఉండేవాళ్ళో తెలీకపోతే ఇవాళ బాగుపడ్డారని నీకెట్టా తెలుస్తది?" ఎత్తి చూసేవాళ్ళ కోసం ఒక అంచు వదిలేసిన మనిషి ఆయన. ఆ వదిలేసిన అంచే ఫ్యాను గాలికి లేచింది, దాని మీద ఆమె గాజు బరువు పెట్టింది, కింద తొంభై కనపడింది. వేరే ఏ ఆఫీసులోనూ ఇలాంటి తప్పు జరగదు. అంతా జిగురు పూసి ఉంటే జరిగేది కాదు. లేదు లేదు, తప్పు ఆయన మీదికి తోస్తున్నావు, ఉన్నది చాలదన్నట్టు.

ఉన్నది చాలదన్నట్టు. ఆయన లోపలికి వెళ్ళి ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు. అత్యవసర స్థితి ప్రకటించిన మూడో రోజు, సందు చివర దర్జీ కొట్టు దగ్గర గోడ మీద రాత్రికి రాత్రి దానికి వ్యతిరేకంగా పోస్టర్లు వెలిశాయి. తెల్లారి పోలీసులు వచ్చి అక్కడ నిలబడినవాళ్ళందరి చేతులూ చాపించి చూశారట. ఆఫీసుకి బయలుదేరి బస్సు కోసం నిలబడిన జిగురు బాబాయి కూడా చాపాడు. గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు. ముప్పై ఒక్క ఏళ్ళ జిగురు, ఏ సబ్బుకీ పోనిది, అన్నం తినేటప్పుడు చెంచా వాడతాడు అందుకే. ఎక్కించుకుని పోయారు. నాలుగో రోజున పిన్ని, అంటే ఆయన భార్య, ఆమె ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "ఆయన పనే అదని ఒక్క ముక్క రాసియ్యమ్మా మీ ఆఫీసోళ్ళ చేత. జిగురు ఆయన పనని. అంతే కదా రాయాల్సింది? పెద్ద మాటలేం వద్దులే." కనుక్కుంటాను పిన్నీ అంది. ఆ మాట అన్నప్పుడు తన గొంతు ఎలా ఉందో ఆమెకి ఇప్పటికీ వినిపిస్తుంది, ఎంత మర్యాదగా, ఎంత సాఫీగా. కనుక్కోలేదు. ఎవరిని అడగాలో తెలియక కాదు. అడిగినవాళ్ళ పేరు కూడా ఎక్కడో రాసుకుంటారని. పిన్ని వెళ్ళాక అమ్మ తలుపు గడియ వేసి, ఆ గడియ మీద చెయ్యి అలాగే ఉంచి అంది, "నీకు ఖాయమయ్యేదాకా ఎవరి జోలికీ పోబాక తల్లీ. ఒక్క మూడు నెలలు. ఆ తర్వాత నీ ఇష్టం." తర్వాత నీ ఇష్టం. ఎల్లుండికి ఆయనకి ముప్పై రోజులు నిండుతాయి, న్యాయమూర్తి ముందుకి తీసుకురావాలి, చేతులు చూపించి నా పని ఇదయ్యా అని ఆయనే చెప్పుకుంటాడు, తను రాసివ్వకపోయినా ఏం కాదు. ఇరవై నాలుగు రోజులుగా ఆమెని నిద్రపుచ్చుతున్నది ఈ లెక్కే. ఇప్పుడు ఆ లెక్కని తనే తొంభైకి సాగదీసింది, స్వహస్తాలతో, సంతకం పెట్టి మరీ. ఇంకా అరవై రెండు రోజులు. ఆయనకి ఆయాసం ఉంది. జేబులో పీల్చే మందు సీసా ఉండేది, అది ఆ రోజు జేబులో ఉందా?

పది ఇరవై. చదువుకునే గదిలో కిటికీ పక్కన నీలం చొక్కా మనిషి పేపరు చదువుతున్నాడు. వారం నుంచీ వస్తున్నాడు, రోజూ అదే కుర్చీ, పేజీ తిప్పడు. లేక తిప్పుతున్నాడేమో, తను చూసినప్పుడే తిప్పడం లేదేమో. పేపరు మీదుగా ఒకసారి ఇటు చూశాడు. ఫైలుని ఒంటికి దగ్గరగా పెట్టుకుంది, మళ్ళీ అలా పెట్టుకోవడమే అనుమానంగా ఉంటుందని కాస్త దూరం జరిపింది. భయం అలవాటైతే తగ్గుతుందంటారు గానీ తగ్గదు, చోటు మారుతుంది.

భయం గురించి ఆమెకి ఒక సిద్ధాంతం ఉంది. ఎవరికీ చెప్పలేదు, జిగురు బాబాయికి తప్ప. మూడు దేశాల రాజ్యాంగాలు పక్కపక్కన పెట్టి ఏడాదిపాటు చదివితే ఎవరికైనా తోచేదే. ఏ దేశం దేనికి భయపడిందో దాని రాజ్యాంగంలో ఆ భాగమే పొడుగ్గా ఉంటుంది. కొండల దేశం సైన్యానికి భయపడింది, అందుకే అధ్యక్షుడు అత్యవసరం అన్న పద్నాలుగు రోజుల్లో రెండు సభలూ విడివిడిగా ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే దానంతటదే పోతుంది. నది అవతలి దేశం ఒకే కుటుంబం చేతిలో ఇరవై ఏళ్ళు నలిగింది, అందుకే ప్రధానికి రెండుసార్లకు మించి పదవి లేదు, తొంభైని పదిహేను చేసింది కూడా ఆ కుటుంబం దిగిపోయాకే. దీవుల దేశానికి ఒకటే సభ, చిన్న పుస్తకం, మనుషుల్ని ఊరికే లోపల ఉంచడం గురించి అందులో అసలు నిబంధనే లేదు, అలాంటి అవసరం రావచ్చని వాళ్ళకి తట్టలేదు. ఎక్కడో అంత నిశ్చింతగా ఉండే జనం ఉన్నారా అని ఆ పేజీ దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. ఇదంతా ఒకసారి నాన్నకి చెప్పబోతే, ఆయన తాపీమేస్త్రీ, ఈ భవనం ప్రహరీ కట్టినవాళ్ళలో ఒకడు, గేటు దాటి లోపలికి మాత్రం ఎప్పుడూ రానివాడు, పూర్తిగా విని అన్నాడు, "అయితే ఆ పక్క దేశాలోళ్ళకి వాళ్ళ సంగతేందో వాళ్ళకి తెలీదా? నువ్వు చూసి చెప్పాలా?" అమ్మ నవ్వింది. నాన్న కూడా నవ్వి, మళ్ళీ ముఖం ముడుచుకుని, "మరి మనది దేనికి భయపడిందమ్మా?" అన్నాడు. దానికి జవాబు ఇప్పుడు ఈ బెంచీ మీద తడుతోంది. మనది మనకే భయపడింది. సందు చివర బస్సు కోసం నిలబడినవాళ్ళకి. వాళ్ళ గోళ్ళకి.

దీవుల దేశం నిలువు వరుస పట్టికలో ఉండేది. డిప్యూటీ డైరెక్టరు గారు తీయించారు. నాలుగు రోజుల క్రితం ఆయన ఆమె బల్ల అంచున కూర్చుని, ఆయన ఎవరి బల్ల మీదా కూర్చోడు, నెమ్మదిగా అన్నాడు. "ఖాళీ గడి చూడ్డానికి బాగోదమ్మా. అది తీసెయ్. పక్కనెక్కడైనా పెద్ద అంకె ఉందేమో చూడు, అరవయ్యో తొంభయ్యో. ఉంటేనే పెట్టు సుమా. లేనిది పెట్టమనడం లేదు నేను." లేనిది పెట్టమనలేదు. ఆ మర్నాడే ఆమెకి తొంభై కనపడింది. ఇక్కడికి వచ్చేసరికి ఆమె ఆలోచన ఆగిపోతోంది, మెట్టు ఉందనుకుని చీకట్లో కాలు వేసినట్టు. చీటీ నిజంగా గాలికే లేచిందా? బరువు పెట్టేటప్పుడు ఆమె కన్ను ఎటు ఉంది? తొంభై కనపడగానే లోపల ఏదో తేలికపడిన మాట నిజం. హమ్మయ్య అనుకుంది. ఎత్తిపెట్టిన ఆ చీటీ తెల్లటి తోక బరువు పక్కనుంచి కనపడుతూనే ఉండాలి కదా, మూడు రోజులు. ఏడాదిగా ఈ చీటీలే చూస్తున్న మనిషికి కనపడలేదా? కనపడిందా? భయం చెయ్యి పట్టుకుని రాయిస్తే అది తప్పా, పొరపాటా? ఎంత గుచ్చి చూసుకున్నా ఆ క్షణం దొరకడం లేదు. దొరకకపోవడమే అన్నిటికంటే భయంగా ఉంది.

"ఏంది మేడమ్, కూచున్న చోటే నీరసించిపోతున్నావు?" ఎదురుగా స్టూలు మీద కబుర్లక్క. డైరెక్టరు గారి గదికి అటెండరు, ఇరవై ఏళ్ళ సర్వీసు, తెలియని కబురు లేదు కాబట్టి ఆ పేరు. "సారు మంత్రిగారి దగ్గరున్నాడు. పదకొండుకి పది నిమిషాలు ముందొస్తాడు, వచ్చి నీళ్ళు తాగి నేరుగా కమిటీకే. ఆ కాయితాలు నాకిచ్చి పో, నేనిస్తాలే."

ఇచ్చేయవచ్చు. ఇచ్చేసి వెళ్ళి తన కుర్చీలో కూర్చోవచ్చు. చీటీ సంగతి తనకి తప్ప ఎవరికీ తెలియదు. సంపుటి బీరువాలో ఉంది, ఎవరు తీస్తారు? రేపు ఎవరైనా పట్టుకున్నా కాపీ చేయడంలో పొరపాటు అనవచ్చు, అది నిజం కూడా కావచ్చు. చెప్తే మాత్రం? ఆఖరి గంటలో అంకె మార్చిందేమిటి, ఎవరు చెప్పారు, లోపలున్న ఆ జిగురువాడు మీ విభాగమే కదా, మీ ఇంటికి వాళ్ళావిడ వచ్చింది కదా. ఫైలు వెనక్కి పోతుంది. నాన్న మోకాళ్ళు ఇంక పరంజా ఎక్కవు. అమ్మ గడియ మీద చెయ్యి. ఇవ్వడానికి ఫైలు ముందుకి చాపింది కూడా. కబుర్లక్క అందుకోబోయి ఆగింది. "చేతులేంది అట్టా వణుకుతున్నయ్? మా జిగురాయన నయం, ఎత్తుకుపోయేటప్పుడు కూడా చెయ్యి వణకలేదంట. నా టిఫిన్ డబ్బా మూత ఊడితే అతికించిచ్చాడమ్మా ఆమధ్య, చూడు, ఇప్పటికీ ఊడలా."

ఆమె ఫైలు వెనక్కి తీసుకుంది. ఎందుకు తీసుకుందో తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ధైర్యం లాంటిదేమీ గుర్తురాదు, ఆ డబ్బా మూత మాత్రమే గుర్తొస్తుంది.

"అక్కా, బైండింగ్ గది తాళం నీ దగ్గరేనా?"

"నా దగ్గరే."

"వేడినీళ్ళు కూడా కావాలి. ఒక గ్లాసు."

కబుర్లక్క ఆమెని పైనుంచి కిందికి చూసింది. ఏమీ అడగలేదు. కబుర్లక్క ఏమీ అడగకపోవడం ఆ ఆఫీసులో ఎవరూ చూసి ఉండరు. బొడ్లోంచి తాళాల గుత్తి తీసింది.

గదిలో గాలి పులిసిపోయి ఉంది. గిన్నెలో జిగురు ఎండి పలకలుగా లేచింది. కుంచె గట్టిపడి పుల్ల అయింది. చీటీల కట్ట అలాగే ఉంది, ఇరవై ఎనిమిది రోజులుగా మూడు దేశాలలో ఏమేం మారాయో అన్నీ అక్కడ పోగుపడి ఉన్నాయి. అలమరలో మైదా డబ్బా, మైలుతుత్తం పొట్లం, పొట్లం మీద ఆయన అక్షరాలు: నాకొద్దు, విషం. ఇంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. పది ముప్పై నాలుగు. తెల్ల కాగితం పన్నెండు ముక్కలు కోసింది, గడి కొలతకి సరిగ్గా. పదిహేను రోజులు, ఆరేళ్ళ క్రితపు సవరణ ప్రకారం, అని పన్నెండుసార్లు రాసింది. ఆ తర్వాత ఒక్కో ముక్కనీ తిరగేసి వెనక కూడా పెన్సిలుతో ఏదో రాసింది, అదీ పన్నెండుసార్లు. రాస్తున్నంతసేపూ తలుపు వైపు చెవి. నీలం చొక్కా చెప్పుల చప్పుడా? కాదు. కీచు, కీచు. బండి. కబుర్లక్క ఇచ్చిన వేడినీళ్ళలో మైదా కలిపి, వేలితోనే జిగురు రాసింది, ఎడమ అంచుకే. మొదటిది అతికించి బొటనవేలు పెట్టి ఒకటి, రెండు, మూడు. ముప్పై లెక్కపెట్టడానికి ఎంత సేపు పడుతుందో అప్పుడు తెలిసింది. లోపల కూర్చున్నవాడికి ముప్పై అంటే ఎంతో.

డైరెక్టరు గారు వచ్చేసరికి పదకొండుకి ఆరు నిమిషాలు. ఆమె మళ్ళీ బెంచీ దగ్గరే ఉంది, నిలబడి, పదకొండు కాపీలు ఫైల్లో, పన్నెండోది ఫైలు అట్ట మీద, దాని మీద బొటనవేలు.

"ఏమ్మా, రెడీయా?"

"రెడీ సార్. ఒక సవరణ ఉంది."

ఆయన ఫైల్లోంచి ఒక కాపీ తీసి కళ్ళజోడు సర్దుకున్నాడు. మూడో వరుస దగ్గర గోటితో చీటీ ఎత్తాడు. కింద తొంభై. వదిలాడు. పైన పదిహేను. మళ్ళీ ఎత్తాడు, ఈసారి ఎక్కువసేపు ఎత్తి పట్టుకున్నాడు.

"నిన్న ఇది లేదే."

"తప్పు నాదే సార్. చీటీ ఎత్తి ఉండగా కిందది చూసి రాశాను."

"డిప్యూటీ గారికి చెప్పావా?"

"లేద్సార్. మీకే మొదట."

ఆయన నడవా ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. గొంతు తగ్గించాడు. "నీ ఫైలు నా టేబుల్ మీదే ఉంది, తెలుసుగా."

"తెలుసు సార్."

"ఇంకా తడిగానే ఉంది ఇది. పీకేస్తే వచ్చేస్తుంది." అది ఆజ్ఞ కాదు, ప్రశ్న కాదు. ఆయన కూడా ఏదో మెట్టు కోసం కాలు చాపి వెతుక్కుంటున్నట్టుంది. ఆయన కణత మీద చెమట. ఈయనకీ భయమే, అని ఆమెకి మొదటిసారి తోచింది, ఈయనకి మంత్రి, మంత్రికి ఇంకెవరో.

"పీకితే కింద అక్షరాలు కూడా ఊడొస్తాయి సార్. ఏదో పీకారని తెలిసిపోతుంది."

కమిటీ గదిలో గంట మోగింది. కబుర్లక్క నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది, ఆయన తీసుకోలేదు. పదకొండు కాపీలూ చంకలో పెట్టుకుని పన్నెండోదాని కోసం చెయ్యి చాపాడు.

"అదివ్వు."

"ఆరలేదు సార్. ముప్పై లెక్కపెట్టాలి."

ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంది. గంట ఆగిపోయింది. ఇరవై రెండు, ఇరవై మూడు, ఆమె పెదాలు కదులుతున్నాయి, ఇరవై తొమ్మిది, ముప్పై. ఇచ్చింది. ఆయన వెళ్ళాడు, తలుపు మూసుకుంది. అవి ఆ పన్నెండు కుర్చీల ముందు పెడతాడో, తొంభై అని నోటితోనే చెప్పేస్తాడో ఆమెకి తెలియదు. బెంచీ మీద కూర్చుంది. బొటనవేలు మీద జిగురు ఎండుతూ చర్మాన్ని లాగుతోంది. తుడుచుకోలేదు. ఎవరైనా వచ్చి చేతులు చాపమంటే చాపుతుంది, అంతకంటే ఇప్పుడు చేయగలిగింది లేదు.

డైరెక్టరు గారు రెండోసారి చీటీ ఎత్తింది తొంభై చూడడానికి కాదు. చీటీ వెనక పెన్సిలుతో ఉన్నది చదవడానికి. చదివాకే పన్నెండోదాని కోసం చెయ్యి చాపాడు. పన్నెండిటి వెనకా ఒకటే రాత:

ఈ చీటీలు ఇలా అతికించడం మాకు నేర్పింది బైండింగ్ గది జిగురు బాబాయి. ఆయన చేతికి ఉన్నది ఈ జిగురే, ఆయన పనే ఇది. లోపల ఇవాళ్టికి ఇరవై ఎనిమిది రోజులు. దీన్ని ఎత్తి చదివినవారు మీరెవరైనా సరే, దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.